సతీర్థ్య స్మరణము

ఒకే గురువునొద్ద విద్య నేర్చినవారికి సంస్కృతమున 'సతీర్థ్యులు' అని పేరు. 'తీర్థ' శబ్దమునకు నీటిలో దిగు రేవు అను నర్థము కలదు. గురువు అను నర్థమును కలదు. ఏ రేవున దిగి మనము విద్యాజలమును ముట్టితిమో ఆ రేవే గురువు. ఆ రేవున మనతోపాటు దిగినవారు సతీర్థ్యులు. ఈ పదము ఎట్లేర్పడినదో చెప్పుటకు పాణిని సూత్రము రచించెను. అమరసింహుడు తన నిఘంటువున బ్రహ్మవర్గమునందు దీనికి చోటిచ్చెను. దీనికి తోడుగ 'సబ్రహ్మచారి' యను మరియొక మాట కలదు. ఒకే వేదశాఖను ఒకే వ్రతముతో నభ్యసించువాడని దాని భావము. మేనత్త, మేనమామ, తోడల్లుడు అను మాటలవలె ఇవియు బంధుత్వమును తెలుపు మాటలే. రక్తముచేత కాక విద్యచేత నేర్పడిన బంధుత్వమును తెలుపుట మాత్రమే వీనియందలి విశేషము.

ఇది కేవలము మాటతో ముగిసిన గౌరవము కాదు. మనుస్మృతి యైదవ యధ్యాయమున ఆశౌచవిధులు చెప్పబడినవి. ఎవరు మరణించిన ఎవరికి ఎన్ని దినములు మైల యను విషయమచట విస్తారముగ నున్నది. సపిండులకు, సమానోదకులకు, మాతామహ వర్గమువారికి విధులు చెప్పుచు ఆ స్మృతికారుడు సబ్రహ్మచారిని మరువలేదు. తోడి విద్యార్థి గతించిన ఒక దినము ఆశౌచము పాటింపవలెనని విధించెను. ఒక దినమే గదా యని తేలికగ తీసిపుచ్చరాదు. ఆశౌచమనగా లోకవ్యవహారమునుండి కొంతకాలము తొలగి, చనిపోయినవాడు తనవాడని నలుగురియెదుట ఒప్పుకొనుట. గోత్రము వేరైనను, ఊరు వేరైనను, బాల్యమున కలిసి చదివిన కారణముచేతనే ఒకడు మరియొకనికి ఆ దినమంతయు ఋణపడి యున్నాడని ధర్మశాస్త్రము నిర్ణయించినది.

నేడు గురుకులములు పోయి కళాశాలలు వచ్చినవి. వందలమంది చేరి చదువుదురు; మూడు నాలుగేండ్లకు విడిపోవుదురు. ఇరువదియైదేండ్లకో, ఏబదియేండ్లకో మరల సమావేశమగుట యొక ఆచారముగ నెలకొన్నది. ఆ సభలలో గతించిన సహాధ్యాయులను స్మరించుటకు కొంతకాలము కేటాయింపబడుచున్నది. వేదికపై పాత ఛాయాచిత్రము నుంచుదురు. ముందువరుసలో కుర్చీలయందు ఉపాధ్యాయులు, వెనుక మూడు నాలుగు వరుసలుగ నిలిచిన యువకులు, క్రింద సన్నని యక్షరములలో పేర్లు. ఒకరు లేచి గతించినవారి పేర్లు చదువుదురు. ఆ చదువుట వినువారికి తరగతిలోని హాజరుపట్టీ జ్ఞప్తికి వచ్చును. ఒకనాడు ఆ పేరు పిలిచినంతనే వెనుక బల్లనుండి సమాధానము వచ్చెడిది, ఇప్పుడు రాదు. ఆ సమాధానము రాని క్షణమునకే సభలోనివారు తలలు వంచుదురు. పిమ్మట రెండు నిమిషముల మౌనము.

ఈ రెండు నిమిషముల మౌనము మన దేశమున పుట్టినది కాదు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన యేడాదికి, 1919 నవంబరు 11వ తేదీన, యుద్ధమున మృతులైనవారి స్మృత్యర్థము బ్రిటిషు సామ్రాజ్యమంతటను ఇట్లు మౌనము పాటింపవలెనని ఐదవ జార్జి చక్రవర్తి కోరెను. నాటినుండి ఇది లోకమంతట వ్యాపించినది. పరదేశమునుండి వచ్చినదని దీనిని నిరాకరింపనక్కరలేదు. మౌనము మనకు క్రొత్తది కాదు. కాని మౌనమును ఎట్లు నింపవలెనో తెలియక చాలమంది ఆ రెండు నిమిషములు గడియారమువంక చూచుచు గడుపుదురు. ఇచట మన తర్పణవిధి మనకు సహాయపడగలదు.

తర్పణమనగా తృప్తి పరచుట. దోసెడు నీరు, కొన్ని నువ్వులు, ఒక పేరు: ఇంతకంటె పెద్ద సామగ్రి దీనికి లేదు. పేదవాడును చేయగలడు. భాద్రపద బహుళమున వచ్చు మహాలయ పక్షములందు చేయు తర్పణమున తండ్రి, తాత, ముత్తాతలతోను, తల్లివైపు పెద్దలతోను జాబితా ముగియదు. పినతండ్రులు, మేనమామలు, సోదరులు, అత్తమామలు వచ్చిన పిమ్మట గురువు, ఆచార్యుడు, సఖుడు, శిష్యుడు అను వారికిని నీరు విడువబడును. వీరిని కారుణ్యపితరులని వ్యవహరింతురు. సఖుని పేరు చెప్పవలసిన చోట ఏ పేరును చెప్పక పురోహితుని మాటను పలికి ముందునకు సాగుట పరిపాటియైనది. ఆ ఖాళీ నిజమునకు సహాధ్యాయికై యుంచిన స్థానము. గోత్రము తెలియదను నాక్షేపణకు సమాధానము ఏనాడో చెప్పబడినది: గోత్రము తెలియనిచో కాశ్యపగోత్రమని చెప్పవలెను. ప్రాణులెల్ల కశ్యప ప్రజాపతి సంతానమేయని దాని యాంతర్యము.

తర్పణాంతమున తడిబట్టను పిండి ఆ నీటిని నేలపై విడుచు నాచారము కూడ కలదు. కులమున పుట్టి, పుత్రులు లేక, నీరిచ్చు దిక్కులేక పోయినవారికి ఆ పిండిన నీరు చేరుగాక యని సంకల్పము. బ్రహ్మ మొదలు గడ్డిపోచ వరకు గల సమస్తమును తృప్తి పొందుగాక యను భావన తర్పణమున నున్నది. కళాశాల బల్లపై ఒకప్రక్క కూర్చున్నవాడు ముస్లిము కావచ్చును, క్రైస్తవుడు కావచ్చును. అతని వారు తమ విధి చొప్పున ప్రార్థన చేయుదురు. అంతమాత్రమున హిందువైన మిత్రుని దోసిలిలోని నీటికి అతడు వెలి కాడు.

మాఘ శుద్ధాష్టమినాడు చేయు భీష్మతర్పణము ఈ సందర్భమున విశేషముగ గమనింపదగినది. భీష్ముడు ఎవరికిని తండ్రి కాడు. ఆయనకు నీరిచ్చుటకు కుమారుడు లేడు. కావున ఏ వంశమువారైనను ఆయనకు నీరీయవలెనని పెద్దలు విధించిరి. తండ్రి జీవించియున్నవారికి పితృతర్పణమున నధికారము లేకున్నను భీష్మునికి తర్పణము చేయుటకు అధికారము కలదని చెప్పిరి. రక్తసంబంధము లేనివానికై లోకమంతయు సంతానమగుట మనకు సమ్మతమేయని దీనివలన తేలుచున్నది.

మహాభారతమునందలి స్త్రీపర్వమును తెలుగున తిక్కన సోమయాజి రచించెను. యుద్ధము ముగిసినది. ధృతరాష్ట్రుడు ధర్మరాజును, దిక్కులేక పడియున్నవారి గతి యేమని యడిగెను. ధర్మరాజు విదురుని, సంజయుని, ధౌమ్యుని, మరికొందరిని పిలిచి, నాథులు లేని కారణమున ఏ దేహమును చెడిపోరాదని యాజ్ఞాపించెను. రాజులకు వేరువేరుగ చితులు పేర్చిరి; నానాదేశములనుండి వచ్చి పేరు తెలియక పోయినవారిని కుప్పలుగ చేర్చి విదురుడు విధి ననుసరించి దహనము చేయించెను. అటుపిమ్మట అందరును గంగకు పోయిరి.

ఉదకదానమునకు సిద్ధమగుచుండగా కుంతి, కర్ణుడు తన జ్యేష్ఠపుత్రుడనియు, అతనికి కూడ నీరీయవలసినదనియు చెప్పెను. ధర్మరాజు దుఃఖమునకు మేరలేకపోయెను. అన్నయని తెలియక చంపుకొంటిమని యాతడు వగచుట అందరెరిగినదే. ఇంకొక సంగతి తరచుగ మరువబడును. ద్రోణుడు హస్తినాపురమున విద్య నేర్పునప్పుడు కురుకుమారులే కాక ఇతర దేశముల రాజపుత్రులును, సూతపుత్రుడైన రాధేయుడును ఆయనయొద్ద నేర్చినట్లు ఆదిపర్వము చెప్పుచున్నది. కర్ణుడు అన్న యని కుంతి చెప్పువరకు పాండవులకు తెలియదు. సహాధ్యాయి యని బాల్యమునుండి తెలియును. దుర్యోధనాదులును సతీర్థ్యులే. ఒకే రంగస్థలమున విద్య ప్రదర్శించినవారు పదునెనిమిది దినములలో ఒకరినొకరు తుదముట్టించుకొనిరి. మిగిలినవారు గంగలో నిలిచి అందరికిని నీరు విడిచిరి. పగ యెంతటిదైనను ఏ పేరును విడిచిపెట్టలేదు.

సహాధ్యాయుల స్మృతిసభలో నిజమైన క్లేశము ఇచటనే యున్నది. పేరుపొందినవారి మరణము అందరికిని తెలియును. న్యాయమూర్తి యైనవాడు, వైద్యుడై గణుతికెక్కినవాడు తప్పక స్మరింపబడుదురు. రెండవ సంవత్సరమున రుసుము చెల్లింపలేక చదువు మానినవాడో? పరీక్ష తప్పి యెవరికిని ముఖము చూపక పోయినవాడో? కొలువు లేక, వ్యసనమున బడి, తన చేత తానే ప్రాణము తీసికొన్నవాడో? ఎన్నికలలో ఎదురు పక్షమున నిలిచి మిత్రులతో మాటలు మానినవాడో? జాబితా వ్రాయువాడు చెడ్డవాడు కాకపోవచ్చును. తెలియకపోవుటచేతనే పేరు జారిపోవును. కావున జాబితా వ్రాయుట సభకు ముందునాటి పని కారాదు. ఆరు నెలల ముందే పాత హాజరుపట్టీని తీసి, ఒక్కొక్క పేరుకు వారి యూరికి ఉత్తరము వ్రాసియో, మనిషిని పంపియో, ఫోనున విచారించియో తెలిసికొనవలెను. విదురుడు చేసిన పని యిదియే. వేదికపై రెండు నిమిషములు నిలుచుటకంటె ఇది కష్టము. ఆ కష్టమే శ్రాద్ధమునందలి శ్రద్ధ.

జీవించియున్నపుడే సతీర్థ్యుని మరచినదానికి ద్రుపదుని కథ దృష్టాంతము. భరద్వాజుని యాశ్రమమున ద్రోణునితో ఆడి, చదివి పెరిగినవాడు, రాజైన పిమ్మట పేదవానితో తనకు మైత్రి యేమని పలికెను. అవమానము, బంధనము, అర్ధరాజ్యము, ధృష్టద్యుమ్నుని జననము, తుదకు యుద్ధమున ఒకరి వెనుక నొకరు నేలగూలుట: ఒక్క మాటనుండి ఇంత ఘోరము పుట్టినది. దీనికి సరిగ ఎదుట నిలుచునది కుచేలోపాఖ్యానము. ద్వారకాధీశుడు చినిగిన బట్టతో వచ్చిన బ్రాహ్మణుని పానుపుపై కూర్చుండబెట్టి ఏమి ముచ్చటించెను? సాందీపని చెప్పిన శాస్త్రార్థములను కాదు. గురుపత్ని కట్టెలకై పంపగా అడవికి పోయినది, అకాలమున గాలివాన వచ్చినది, దారి తెలియక ఒకరి చేయి ఒకరు పట్టుకొని రాత్రియంతయు తిరిగినది, తెల్లవారగనే గురువు వెదకుకొనుచు వచ్చి దీవించినది: ఇవి చెప్పెను. సహాధ్యాయిని స్మరించుట యనగా ఇటువంటి సంగతులను స్మరించుట. అతని పదవులను గూర్చి పత్రికలు చెప్పగలవు. వానలో చేయి పట్టుకొన్నవాడే ఆ వానను గూర్చి చెప్పగలడు.

గతించినవారికై దుఃఖించుట అజ్ఞానమని గీతను చేతబట్టి చెప్పువారు ప్రతి సభయందును ఒకరిద్దరుందురు. వారి మాట శాస్త్రవిరుద్ధము కాదు, కాని అర్ధసత్యము. బంధువులు విడిచిన కన్నీరు ప్రేతమునకు భారమగునని, కావున ఏడ్చుచుండక యథాశక్తి క్రియలు జరుపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పినమాట నిజమే. అయినను దుఃఖము హృదయమున పుట్టుట తప్పని ఆ స్మృతి చెప్పలేదు. శ్రీరామకృష్ణుల యన్న కుమారుడు అక్షయుడు దక్షిణేశ్వరమున మరణించునప్పుడు ఆయన చెంత నిలిచి చూచిరి. ఒరనుండి కత్తిని తీసినట్లు ప్రాణము వెడలుట చూచి, ఒరకు గాని కత్తికి గాని ఏమియు కాలేదని ఆనందించిరి. మరునాడు తడిగుడ్డను పిండినట్లు తన గుండెను ఎవరో పిండుచున్నట్లుండెనని, తనకే యిట్లుండిన సంసారుల గతి యేమని ఆయన తరువాత భక్తులతో చెప్పిరి. ఆత్మదర్శనమును నిజమే, ఆ పిండుటయు నిజమే. ఒకదానితో మరియొకదానిని కొట్టివేయుటకు ఆయన యత్నింపలేదు.

1890 ఏప్రిలులో శ్రీరామకృష్ణుల గృహస్థశిష్యుడు బలరామబోసు మరణించిన వార్త వారణాసియందున్న నరేంద్రునికి చేరెను. ఆయన కంట నీరు పెట్టుకొనగా, ప్రమదాదాస మిత్రుడు సన్న్యాసికి ఇది తగునా యని ప్రశ్నించెను. సన్న్యాసి యైనంతమాత్రమున హృదయమును పారవేయవలెనా యని నరేంద్రుడు తిరిగి యడిగెను. ఒకే గురువు పాదములయొద్ద కూర్చున్న సతీర్థ్యునికై సన్న్యాసి విడిచిన ఆ కన్నీటికి వేరు సమర్థనము అక్కరలేదు.

నరేంద్రుని కళాశాల దినములను గూర్చి మనకు తెలియవచ్చిన విషయములలో విలువైన భాగము ఒక సహాధ్యాయి వ్రాతవలన వచ్చినది. నరేంద్రుడు మొదట కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలోను, పిమ్మట నేడు స్కాటిష్ చర్చి కళాశాల యనబడు జనరల్ అసెంబ్లీ విద్యాలయములోను చదివి 1884లో బి.ఏ. పట్టమును పొందెను. విలియం హేస్టీ అచట అధ్యక్షుడు. వర్డ్స్‌వర్త్ కావ్యమును బోధించుచు సమాధిస్థితిని గూర్చి వివరించునప్పుడు, అట్టి స్థితిని చూడవలెనన్న దక్షిణేశ్వరమున చూడవచ్చునని చెప్పినది ఆయనయే. ఆ విద్యాలయముననే బ్రజేంద్రనాథ శీలుడును చదువుచుండెను. వయస్సున నరేంద్రునికంటె కొంచెము చిన్నవాడు. తత్త్వశాస్త్రమున అప్పటికే అసమానుడు. తరువాతికాలమున మైసూరు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై ప్రసిద్ధి కెక్కెను.

వివేకానందస్వామి 1902 జులై 4వ తేదీన దేహము చాలించిరి. అప్పటికే ఆయన జగద్విఖ్యాతులు. ఐదేండ్ల పిమ్మట 1907లో 'ప్రబుద్ధభారత' పత్రికయందు శీలుడు తన సహాధ్యాయిని గూర్చి వ్యాసము వ్రాసెను. దానిని చదివినవారికి ఆశ్చర్యము గొలుపునది అందలి నిజాయితీ. స్తోత్రము వ్రాయుటకు కావలసినంత యవకాశముండెను. ఆయన వ్రాసినది అది కాదు. స్నేహశీలుడు, కట్టుబాట్లు పాటింపని స్వేచ్ఛాజీవి, మధురగాయకుడు, మాటలలో నేర్పరి, అయితే ఆ మాటలలో కొంత చేదు, లోకముయొక్క డంబమును హేళనచేయు వాడి. ఆ హేళన వెనుక దాగిన మెత్తని గుండె. ఆ స్వేచ్ఛాచారము వెనుక ఉక్కు సంకల్పము. ఇట్టి యువకుని చిత్రించెను. మిల్లు, హ్యూము, స్పెన్సరు రచనలు చదివి నరేంద్రుని బాల్యవిశ్వాసము చలించుట, ఆ సంశయమున ఆయన పడిన వేదన, తాను చదువుమని షెల్లీ కావ్యముల నిచ్చుట, విశ్వమునకెల్ల ఏకమైన ప్రజ్ఞయే పరబ్రహ్మమను తన సిద్ధాంతమును బోధించుట, అది నరేంద్రుని బుద్ధికి కొంత తోడ్పడినను హృదయదాహమును తీర్పలేకపోవుట: ఇవన్నియు దాపరికము లేక చెప్పెను. తన మందు పనిచేయలేదు, దక్షిణేశ్వరపు పూజారి మందు పనిచేసినది. ఈ సంగతిని శీలుడు మరుగుపరచలేదు. తాను నరేంద్రుని మార్గమున పోనివాడయ్యు, ఆ మార్పును కుతూహలముతో గమనించి, అదియేమో తెలిసికొనుటకు దక్షిణేశ్వరమునకు తానే పోయినట్లును వ్రాసెను.

ఈ వ్యాసము లేకున్న వివేకానందుల యౌవనమును గూర్చి మన జ్ఞానము ఎంత కొరతపడి యుండెడిదో యోచింపవచ్చును. గురువు చూచిన నరేంద్రుడు వేరు, శిష్యులు చూచిన స్వామీజీ వేరు. ప్రక్కబల్లపైనుండి చూచినవాడు సహాధ్యాయి యొక్కడే. స్మృతిసభలలో లేచి మాటలాడువారు సాధారణముగ రెండు దారులు పట్టుదురు. గతించినవానిని దేవతను చేయుదురు. లేదా అతని పేర తమ కథ చెప్పుకొందురు. రెండవది మొదటిదానికంటె ఎక్కువసేపు పట్టును. శీలుని వ్యాసమున ఆయన తన విషయము చెప్పుకొననే చెప్పుకొనెను, కాని చెప్పిన ప్రతి మాటయు నరేంద్రుని తెలిపికొనుటకే యుపకరించినది. ముప్పదియేండ్ల తరువాత, 1937లో, శ్రీరామకృష్ణ శతజయంతి సందర్భమున కలకత్తాలో సర్వమతసభ జరిగినపుడు అధ్యక్షత వహించినది ఆ వృద్ధ సహాధ్యాయియే. మరుసటి యేడు డిసెంబరులో ఆయనయు గతించెను.

గతించిన సతీర్థ్యుడు తలపెట్టి పూర్తి చేయలేకపోయిన పని యొకటి తరచుగ మిగిలియుండును. ఒక బాలిక చదువు కావచ్చును, ఊరి గ్రంథాలయము కావచ్చును, ఎవరికో తీర్పవలసిన అప్పు కావచ్చును. అతని కుటుంబమును సభకు పిలిచి శాలువ కప్పి పంపుటకు ముందు ఈ సంగతి విచారింపవలసియున్నది. స్వామి విజ్ఞానానందుల చరిత్రమున దీనికి తగిన ఘట్టము కలదు. పూర్వాశ్రమమున హరిప్రసన్నుడను పేరుగల ఆయన కళాశాలలో శరచ్చంద్రునికి, అనగా తరువాతి స్వామి శారదానందులకు, సహాధ్యాయి. దక్షిణేశ్వరమున నరేంద్రాదులకు సతీర్థ్యుడు. ఇంజనీరుగ ఉద్యోగము చేసి, దానిని విడిచి మఠమున చేరెను. బేలూరున కట్టవలసిన శ్రీరామకృష్ణ మందిరము ఎట్లుండవలెనో వివేకానందస్వామి ఆయనకు వివరించి, నమూనా గీయించిరి. అది పూర్తియగునప్పటికి తాను దేహముతో నుండనని, పైనుండి చూచెదనని స్వామీజీ చెప్పియుండిరి. ఆ తరువాత మందిరము లేచుటకు మూడు దశాబ్దములకు పైగా పట్టినది. ఆలోగా బ్రహ్మానందులు, తురీయానందులు, శారదానందులు, శివానందులు, అఖండానందులు ఒక్కొక్కరుగ వెడలిపోయిరి.

1938 జనవరి 14వ తేదీన, మకర సంక్రాంతి దినమున, వృద్ధుడై వ్యాధిగ్రస్తుడైయున్న విజ్ఞానానందస్వామి ఆ మందిరమున ప్రతిష్ఠ జరిపిరి. గర్భాలయమున గురుదేవుని ప్రతిష్ఠించిన పిమ్మట, 'పైనుండి చూచెదనంటివి గదా, నీవు స్థాపించిన ఠాకూరు నీవు కోరిన మందిరమున కూర్చుండినాడు, చూడు' అను భావముతో స్వామీజీని ఉద్దేశించి పలికితినని ఆయన తరువాత చెప్పిరి. స్వామీజీయు, గతించిన గురుసోదరులును అచట నిలిచి చూచుచుండుట తనకు స్పష్టముగ కనబడినదనియు చెప్పిరి. ఇక తన పని యైనదని తిరిగి అలహాబాదునకు వెడలిరి. ఆ ఏప్రిలు 25వ తేదీన అచటనే దేహము చాలించిరి.